బిన్నీపేట ఉన్ని మిల్లులో మన వాటా

(తిరుపతిలో ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. నేను మాట్లాడబోయేది ఒక ఉన్ని మిల్లు గురించి. అది తిరుపతిలో లేదు, చిత్తూరులోనూ లేదు, బెంగళూరులో సిటీ రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఉండేది. కాగితాల్లో దాని పేరు బెంగళూరు ఊలెన్, కాటన్ అండ్ సిల్క్ మిల్స్. జనం మాత్రం బిన్నీ మిల్లు అనేవాళ్ళు, దాని చుట్టూ పెరిగిన పేటను ఇప్పటికీ బిన్నీపేట అంటారు. బెంగళూరు మిల్లు గురించి తిరుపతిలో మాట్లాడటం ఎందుకండీ అని నిర్వాహకుల్లో ఒకరు ఫోన్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

మన పాత చిత్తూరు జిల్లాలో పడమటి భాగం చూడండి. మొగిలి ఘాటు ఎక్కితే వచ్చే పలమనేరు, ఆ పైన పుంగనూరు, కుప్పం, ఇంకోపక్క మదనపల్లె. ఆ ఊళ్ళవాళ్ళకు మద్రాసు కంటే బెంగళూరే దగ్గర. ఈరోజు మన పిల్లలు ల్యాప్‌టాప్ బ్యాగులు తగిలించుకుని పోయే ఊరికే మన తాతలు రెండు జతల బట్టలు మూటకట్టుకుని పోయారు. కొందరు కోలారు బంగారు గనుల్లోకి దిగారు, కొందరు బెంగళూరు మిల్లుల్లో చేరారు. మా చిన్నాయన కూడా అట్లా పలమనేరు పక్కనుంచి పోయి ఆ మిల్లులో పనిచేసినవాడే. మిల్లు చరిత్ర అని దొరికే రాతల్లో కంపెనీ పేరు ఉంటుంది, ఏజెన్సీ ఎప్పుడు ఎవరి చేతికి మారిందో ఉంటుంది, దొరల పేర్లు ఉంటాయి. గొర్రె మేపినవాడు, బొచ్చు కడిగినవాడు, మగ్గం ముందు నిలబడినవాడు కనిపించరు. వాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు. ఆ చరిత్రలో మన వాటా మనం అడిగి తీసుకోవాలి అన్నదే నేను ఇక్కడ చెప్పదలుచుకున్నది.

మిల్లు కంటే ముందు గొర్రె గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా గొర్రె ఒంటి మీద మొదలైంది. మన జిల్లాలో రెండు రకాల గొర్రెలు కనిపించేవి. తూర్పున కాళహస్తి, సత్యవేడు వైపు నెల్లూరు గొర్రె. పొడుగు కాళ్ళు, చూడటానికి మేకలా ఉంటుంది, ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. పడమట మెట్ట మీద, కర్ణాటకను ఆనుకుని ఉన్న పల్లెల్లో, నల్లటి బొచ్చు గొర్రె. దక్కన్ పీఠభూమి అంతా ఉండే రకం అది, కాస్త పైకి పోతే బళ్ళారి గొర్రె అంటారు. వానలు తక్కువ, రాత్రిళ్ళు చలి, మేత కోసం రోజంతా నడక, వీటికి తట్టుకునే జీవం. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించేవాళ్ళు. రెండుసార్లూ కలిపినా ఒక గొర్రెకు అర కిలో అటూ ఇటూ వస్తుంది, అంతే. ఆస్ట్రేలియా మెరినో గొర్రెకు నాలుగైదు కిలోలు వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ బొచ్చుతో గొర్రెలు కాసే కురబ కులంవాళ్ళు కంబళి నేసేవాళ్ళు. ఆ పని గురించి కొంచెం వివరంగా చెప్తాను, తొందరపడను, ఎందుకంటే అది చేసే చేతులు ఇప్పుడు మన జిల్లాలో వెతికితే గానీ దొరకవు. బొచ్చును ముందు రంగుల వారీగా వేరుచేస్తారు, నలుపు, గోధుమ, బూడిద. పిల్ల గొర్రెకు మొదటిసారి కత్తిరించిన బొచ్చు మెత్తగా ఉంటుంది, దాన్ని విడిగా దాచి మంచి కంబళికి వాడతారు. కర్రతో కొట్టి దుమ్ము రాలగొట్టి, విల్లుతో ఏకి, రాట్నం మీద వడుకుతారు. వడికేది ఆడవాళ్ళు, మగ్గం మీద కూర్చునేది మగవాళ్ళు. పడుగును వీధిలో బారుగా చాచి కట్టి, చింతగింజలు నానబెట్టి రుబ్బి ఉడికించిన గంజి కుంచెతో పూస్తారు. ఆ గంజి పట్టకపోతే ముతక నూలు మగ్గం మీద తెగిపోతుంది. ఎండలో ఆరిన తర్వాత గుంట మగ్గం. కొన్నిచోట్ల సన్నటి పట్టీలుగా నేసి పక్కపక్కన కలిపి కుట్టేవాళ్ళు. చివర్న నేసిన కంబళిని తడిపి కాళ్ళతో తొక్కుతారు. ఆ తొక్కుడుతో అల్లిక మూసుకుపోయి వాననీళ్ళు తొందరగా దిగవు.

తొక్కితే ఎందుకు మూసుకుపోతుంది? ఉన్నిపోగు మీద చేపకు ఉన్నట్టు పొలుసులుంటాయి, మైక్రోస్కోపులో చూస్తే కనిపిస్తాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని మళ్ళీ వదలవు. దూదికి ఈ గుణం లేదు, పట్టుకూ లేదు. కురబ తాత కాళ్ళతో చేసిన ఈ పనినే మిల్లులో ఇనుప రోలర్లతో చేస్తారు. ఇద్దరూ వాడుకున్న సూత్రం ఒక్కటే.

కంబళి అంటే కప్పుకునేది మాత్రమే అనుకోకండి. వానొస్తే తలమీద గొడుగు, పొలంలో పరుపు, పంచాయితీ జరిగితే పెద్దలు కూర్చునే ఆసనం, కళ్ళంలో గింజలు ఎత్తే గుడ్డ. గొర్రెలకాపరికి దాని విలువ ఇంకా ఎక్కువ. రాత్రిళ్ళు రైతుల పొలాల్లో మంద కట్టి, ఆ మంద పక్కనే పడుకునేవాడికి ఇల్లూ వాకిలీ ఆ కంబళే. రైతుకు పొలంలో ఎరువు పడేది, కాపరికి గింజలు దక్కేవి. ఇక తిరుపతిలో కూర్చుని గొర్రెలకాపరి గురించి మాట్లాడుతూ సన్నిధి గొల్లను తలచుకోకుండా ఉండలేను. కొండ మీద తెల్లవారుజామున గుడి తలుపులు తెరిచినప్పుడు స్వామి మొదటి దర్శనం ఇప్పటికీ ఆ గొల్ల వంశంవాళ్ళదే. మందల వెంట తిరిగిన జనానికి ఈ నేలలో అంత పాత గౌరవం ఉంది.

ఇప్పుడు 19వ శతాబ్దం చివరికి వస్తాను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువు మన రాయలసీమనూ మైసూరు సంస్థానాన్నీ ఊడ్చేసింది. మనుషులే లక్షల్లో పోయిన కరువులో మందలు మిగులుతాయా? ఆ దెబ్బనుంచి తేరుకోకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఊరివాళ్ళు తమవే అనుకున్న అడవులు రిజర్వు ఫారెస్టులయ్యాయి, మేపుకోవాలంటే పుల్లరి కట్టాలి, కట్టకుండా మేపితే మందను బందెలదొడ్డికి తోలుకుపోతారు. దీని మీద కోపం ఎంత లోతుగా పాతుకుపోయిందంటే 1921లో సహాయనిరాకరణ రోజుల్లో మన రాయచోటి వైపు కూడా అడవి సత్యాగ్రహం జరిగింది. కాపరి బతుకు రెండువైపుల నుంచీ ఇరుకైపోయిన ఆ సమయంలోనే బెంగళూరులో మిల్లు లేచింది. ఒకటి ఇంకోదానికి కారణం అని నేను అనను. కానీ పల్లెలో పని తగ్గిన మనిషి పట్నంలో పని వెతుక్కోవడానికి ఏ పరిస్థితులు తోశాయో అర్థం కావాలంటే ఈ రెండు సంగతులూ తెలియాలి.

మిల్లు కంపెనీ 1884లో పెట్టారు. 1886లో దాని మేనేజింగ్ ఏజెన్సీ, అంటే మిల్లును నడిపే బాధ్యత, బిన్నీ కంపెనీ చేతికి వచ్చింది. మద్రాసులో బిన్నీలది పాత వ్యాపారం, 18వ శతాబ్దం చివర్లో జాన్ బిన్నీ అనే ఆయనతో మొదలైంది. పెరంబూరులోని బకింగ్‌హాం మిల్లు, కర్నాటిక్ మిల్లు వీళ్ళవే, రెండిట్నీ కలిపి జనం బీ అండ్ సీ మిల్లు అనేవాళ్ళు. బెంగళూరును ఎందుకు ఎంచుకున్నారు అంటే చాలా కారణాలు కనిపిస్తాయి. జోలార్‌పేట మీదుగా మద్రాసు నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు 1864లోనే రైలు వచ్చేసింది. ఆ లైను మీదే మన కుప్పం ఉంది. కంటోన్మెంటు అంటే సైన్యం, సైన్యం అంటే కంబళ్ళూ ఉన్ని బట్టలూ కొనే ఖాతాదారు. చుట్టూ కోలారు, తుమకూరు, చిత్రదుర్గం, బళ్ళారి, అన్నీ గొర్రెలున్న నేలలే.

గొర్రెలైతే ఉన్నాయి గానీ ఆ బొచ్చు మిల్లుకు నచ్చే బొచ్చు కాదు. ఇక్కడే అసలు చిక్కు. మెరినో ఉన్నిపోగు మందం 20 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన దక్కనీ గొర్రెది 30 నుంచి 50 దాకా పోతుంది, పైగా పోగు మధ్యలో బోలు, గుచ్చుకుంటుంది. రంగేమో నలుపు, నల్ల ఉన్ని మీద ఎర్ర రంగు, నీలం రంగు వేస్తే ఏం కనిపిస్తుంది? అందుకని సన్న బట్టకు, కోటు గుడ్డకు ఆస్ట్రేలియా ఉన్ని ఓడల్లో దిగేది, మన బొచ్చు ముతక కంబళ్ళకు, రగ్గులకు పోయేది. దీన్ని మార్చాలని అంతకుముందే ప్రయత్నం జరిగింది. 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ మెరినో పొట్టేళ్ళను తెప్పించి మన గొర్రెలతో కలిపి జాతిని బాగుచేయించాలని చూశాడు. అది పెద్దగా సాగలేదు. మెరినో చల్లటి, పచ్చికున్న నేలకు అలవాటుపడిన జీవం, ఎండకు ఎండి వానకు తడిసి రోజుకు మైళ్ళకు మైళ్ళు నడిచే మందలో అది ఇమడదు. నాకైతే అందులో మన గొర్రె తప్పేమీ కనిపించదు. అది ఈ నేలకు సరిపోయేలా తయారైంది, మిల్లుకు సరిపోయేలా కాదు.

ఇప్పుడు మిల్లు లోపలికి పోదాం. ఇక్కడ చెప్పేదాంట్లో చాలావరకు మా చిన్నాయన నోట విన్నది, మిగతాది ఉన్ని పరిశ్రమ ఎక్కడైనా ఎట్లా నడుస్తుందో అది. బేళ్ళలో వచ్చిన బొచ్చును ముందు మనుషులు చేత్తో విప్పి, పొడుగూ పొట్టీ, తెలుపూ నలుపూ విడదీస్తారు. చూడటానికి తేలిక పనిలా ఉంటుంది గానీ ఒకప్పుడు ప్రాణాలు తీసిన పని ఇది. మన కాపరులు గొర్రెలకు దొమ్మ రోగం అంటారే, ఆంత్రాక్స్, ఆ క్రిమి బొచ్చులో ఏళ్ళ తరబడి బతికి ఉండి, విప్పుతున్నప్పుడు దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఇంగ్లండులో బ్రాడ్‌ఫోర్డ్ మిల్లుల్లో 19వ శతాబ్దంలో ఎంతమంది చచ్చిపోయారంటే దానికి ఉన్ని ఏరేవాళ్ళ జబ్బు అనే పేరే పడిపోయింది.

ఏరిన తర్వాత కడగడం. బొచ్చులో మట్టి, చెమట ఉప్పు, మైనంలాంటి జిడ్డు ఉంటాయి. సబ్బు, సోడా కలిపిన గోరువెచ్చటి తొట్లలో ఒకదాని తర్వాత ఒకటి ముంచి తీస్తారు. ఆ జిడ్డును శుద్ధిచేస్తే లానోలిన్ అవుతుంది, ఈరోజు మనం కొనే ముఖం క్రీముల్లో, పెదాలకు రాసుకునేవాటిలో ఉండేది అదే. కడిగినా ఒకటి మాత్రం పోదు. మన గొర్రె మేసేది ఎక్కడ? బీడుల్లో, తుమ్మచెట్ల కింద. దాని బొచ్చునిండా పల్లేరుకాయలు, ముళ్ళు, గడ్డిగింజలు. వాటిని చేత్తో ఏరాలంటే తరం కాదు. అందుకని ఉన్నిని పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి వేడిగదిలో ఆరబెడతారు. ఆకూ ముల్లూ మాడి బొగ్గవుతాయి, ఉన్నికి ఏమీ కాదు. తర్వాత రోలర్ల మధ్య నలిపితే ఆ నల్లపొడి రాలిపోతుంది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు ఎంత ఆశ్చర్యం వేసిందో చెప్పలేను. మా పొలంగట్టు మీది పల్లేరుకాయ కోసం పట్నంలో ఒక ఆమ్లం తొట్టి, ఒక వేడిగది, దానికి షిఫ్టుల్లో మనుషులు!

మా చిన్నాయన ఉండేది కార్డింగ్‌లో, అంటే ఏకే చోట. సన్నటి ఇనుప ముళ్ళు నాటిన పెద్ద పెద్ద పీపాలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, వాటి మధ్యన ఉన్ని చిక్కు విడి సాలెగూడులాంటి పొరగా బయటికి వస్తుంది. ఆ పొరను పట్టీలుగా చీల్చి వడికే మిషన్లకు పంపిస్తారు. అక్కడ గాల్లో ఎప్పుడూ నూగు తేలుతుండేదట. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఊపిరాడదు, విప్పితే దగ్గు. పండగకు ఊరికొచ్చినా రాత్రంతా దగ్గుతూనే ఉండేవాడు, మా జేజి మిరియాల కషాయం పెట్టేది. ఆ దగ్గు ఉద్యోగం మానినా పోలేదు. వడికే ఖాతాలో, అంటే విభాగంలో, చప్పుడు, నేత ఖాతాలో అంతకు రెండింతల చప్పుడు. నేతలో పనిచేసినవాళ్ళు ఇంటికొచ్చినా గట్టిగా అరిచినట్టే మాట్లాడేవాళ్ళు, చెవులు అట్లా అయిపోయేవి. నేసిన తర్వాత తడి రోలర్ల కింద నలగ్గొట్టి కుదించడం, ఆ తర్వాత ముళ్ళ రోలరుతో పైపైన గీకి నూగు లేపడం. కొత్త కంబళి మీద చెయ్యి పెడితే మెత్తగా తగిలేది ఆ నూగే. చలిని ఆపేది కూడా అదే, ఎందుకంటే దాంట్లో గాలి చిక్కుకుని ఉంటుంది.

మిల్లులో నాలుగు భాషలు వినపడేవి. కన్నడం, తమిళం, తెలుగు, దక్కనీ ఉర్దూ. పొద్దున సైరన్ కూస్తే ఆ పేటలో గడియారం అక్కర్లేదు. మా చిన్నాయనకు కన్నడం అక్కడే వచ్చింది, తమిళం తిట్లు కూడా అక్కడే వచ్చాయి అనేవాడు. ఊరినుంచి ఒకడు చేరితే వాడి వెనక బావమరిది, వాడి వెనక పక్కింటివాడు, అట్లా ఒక్కో ఊరివాళ్ళు ఒక్కో ఖాతాలో గుంపుగా ఉండేవాళ్ళు. జీతం రోజున మనియార్డర్లు పలమనేరుకు, కుప్పానికి వచ్చేవి. వాటితో బావులు తవ్వారు, అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశారు. మన పడమటి పల్లెల్లో కొన్ని మిద్దె ఇళ్ళు ఆ మిల్లు డబ్బుతో లేచినవే. జిల్లా చరిత్ర రాసేటప్పుడు పాలెగాళ్ళ గురించి, జమీందార్ల గురించి పేజీలకు పేజీలు రాస్తాం, ఈ మనియార్డర్ల గురించి ఒక్క పేరా రాయం. ఇది నాకు బాధగానే ఉంటుంది.

మిల్లు కార్మికుల మాట వచ్చింది కాబట్టి తిరుపతివాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసిన ఒక విషయం. బిన్నీలవే అయిన మద్రాసు మిల్లుల్లో పనిచేసేవాళ్ళతో 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. మన దేశంలో క్రమపద్ధతిలో నడిచిన మొదటి కార్మిక సంఘంగా దాన్నే చెప్పుకుంటారు. దానికి అధ్యక్షుడు బి.పి. వాడియా, పక్కన తిరు.వి.క. అనే తమిళ రచయిత. అయితే దానికి బీజం పడింది ఎక్కడో తెలుసా? పెరంబూరులో వేంకటేశ గుణామృతవర్షిణి సభ అని ఒక భక్తసమాజం ఉండేది. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు వ్యాపారులు దాన్ని నడిపేవాళ్ళు. భక్తి ఉపన్యాసాలు వినడానికి మిల్లు కూలీలు వచ్చేవాళ్ళు, వచ్చి స్వామి కథ విన్న తర్వాత తమ కథ కూడా చెప్పుకునేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా సరిపడా టైమివ్వరని, మేస్త్రీలు కొడతారని. ఆ చెప్పుకోవడంలోంచి సంఘం పుట్టింది. మన కొండ మీది స్వామి పేరు పెట్టుకున్న సభ అది. 1921లో అదే మిల్లుల్లో నెలల తరబడి సమ్మె జరిగింది, పోలీసు కాల్పులు జరిగాయి, ఆ కథకు ఇంకో సాయంత్రం కావాలి.

రెండు ప్రపంచ యుద్ధాల గురించి ఎక్కువ చెప్పను. యుద్ధం వస్తే ఉన్ని మిల్లులకు పండగ, సైన్యానికి కంబళ్ళు, కోటు గుడ్డ, ఖాకీ ఎంత నేసినా చాలవు. కాన్పూరులో 1876లో మొదలైన లాల్ ఇమ్లీ మిల్లు, పంజాబులో 1880లో మొదలైన ధారివాల్ మిల్లు, దక్షిణాన మన బెంగళూరు మిల్లు, అన్నీ సైన్యం పని మీదే పడ్డాయి. యుద్ధం అయిపోగానే ఆర్డర్లు పడిపోయి మనుషుల్ని తగ్గించేవాళ్ళు. అంతే.

మూతపడటానికి ఒకే కారణం చెప్పేవాళ్ళను నేను నమ్మను. యూనియన్లు ముంచాయి అని ఒకరు, యజమానులు తినేశారు అని ఒకరు. నాకు కనిపించేది ఇట్లా ఉంటుంది. 1970లు, 80ల్లో అక్రిలిక్ నూలు వచ్చింది, కాష్మిలాన్ స్వెట్టర్ అని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. పురుగు పట్టదు, రంగులు మెరుస్తాయి, ధర తక్కువ. ఇంకోపక్క పానిపట్టులో పాత ఉన్ని బట్టల్ని చింపి పీచు చేసి, ఆ పీచుతోనే మళ్ళీ వడికి కంబళ్ళు నేయడం మొదలైంది. వరదొచ్చినా భూకంపమొచ్చినా పంచే చవక కంబళ్ళు చాలావరకు అవే. 1985 జౌళి విధానం తర్వాత పవర్‌లూముల జోరు పెరిగింది, వడకడం దగ్గర్నుంచి అద్దకం దాకా అన్నీ ఒకే గోడలోపల చేసే పెద్ద మిల్లులకు ఖర్చులు తట్టుకోలేని పరిస్థితి వచ్చింది. మిషన్లు పాతవి, వాటి మీద కొత్త డబ్బు పెట్టినవాళ్ళు లేరు. అన్నిటికీ మించి, ఊరి బయట కట్టిన మిల్లు చుట్టూ ఊరు పెరిగిపోయి, బట్ట కంటే మిల్లు కింది నేల ఖరీదైపోయింది. మద్రాసులో బీ అండ్ సీ 1996లో మూతపడింది. బెంగళూరు మిల్లు కూడా పోయింది, ఆ నేల మీద ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, మాల్. మల్లేశ్వరం వైపు రాజా మిల్లు ఉన్నచోటా మాలే.

ఆ పక్కనే మాగడి రోడ్డు వైపు మినర్వా మిల్లు ఉండేది. లా చదివే పిల్లలు ఇక్కడ ఎవరైనా ఉంటే వెంటనే గుర్తుపడతారు. ఆ మిల్లును కేంద్రం 1971లో తన చేతిలోకి తీసుకుంది, యజమానులు కోర్టుకు పోయారు, 1980 జులై 31న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి కూడా హద్దులున్నాయని మరోసారి ఖాయం చేసింది. ఒక బట్టల మిల్లు తగాదా దేశం మొత్తానికి రక్షణగా నిలిచింది. మన పక్కనే రేణిగుంటలో ఉన్న తిరుపతి కాటన్ మిల్స్ కూడా 1974లో జాతీయం చేసిన జబ్బుపడ్డ మిల్లుల్లో ఒకటి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఎన్‌టీసీ, అంటే ప్రభుత్వ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్, మిల్లులన్నీ ఆగినప్పుడు అదీ ఆగింది. అది నూలు మిల్లు కాబట్టి నా అంశంలోకి రాదు, కానీ అక్కడ పనిచేసినవాళ్ళు ఇంకా మన మధ్యనే ఉన్నారు, వాళ్ళ మాటలు ఇప్పుడే రాసుకోవాలి.

ఇక గొర్రె సంగతి. 2019 పశుగణనలో మన రాష్ట్రంలో ఒక కోటీ 76 లక్షల గొర్రెలు తేలాయి, తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం మనదే. అన్ని గొర్రెలున్నా ఉన్ని మాత్రం నామమాత్రం, ఎందుకంటే ఇప్పుడు పెంచేది మాంసానికే. నెల్లూరు జాతి పొట్టేలు తొందరగా బరువు పెరుగుతుంది, బొచ్చు కత్తిరించే బాధ లేదు. పడమటి పల్లెల్లో కూడా నల్ల బొచ్చు గొర్రె తగ్గిపోయింది. ఉన్నచోట కత్తిరింపుకు కాపరే ఎదురు డబ్బులిచ్చి, ఆ బొచ్చును గట్టు మీద పారేస్తున్నాడు. కాపరిని తప్పుపట్టడానికి లేదు, కొనేవాడు లేనప్పుడు ఏం చేస్తాడు?

ఆ బొచ్చుకు పని లేదా అంటే ఉంది. ముతక ఉన్ని తివాచీలకు, ఫెల్టుకు బాగా పనికొస్తుంది. ఇంటి పైకప్పు కింద వేడి ఆపే పొరగా వేస్తారు. ఉన్నిలో నత్రజని ఎక్కువ కాబట్టి చెట్ల మొదట్లో వేస్తే మెల్లమెల్లగా ఎరువవుతుంది, తేమను పట్టి ఉంచుతుంది, మన మామిడి రైతులు కనీసం వేసి చూడొచ్చు. పెద్ద మిల్లు మళ్ళీ రాదు, రావాలని నేను అడగను కూడా. పలమనేరు ప్రాంతంలో బొచ్చు కడిగి ఏకే చిన్న యూనిట్ ఒకటి ఉంటే ఇప్పటికీ నేయడం తెలిసిన నలుగురైదుగురు ముసలివాళ్ళ దగ్గర పిల్లలు నేర్చుకునే వీలుంటుంది. మన వెటర్నరీ యూనివర్సిటీ ఇదే ఊళ్ళో ఉంది, పుంగనూరు ఆవును కాపాడుకోవడానికి చేసినంత పని ఈ నల్ల గొర్రెకూ చేయాలని వాళ్ళను గట్టిగా అడుగుతున్నాను.

మీ అందరికీ ఒక విన్నపం. మీ ఇళ్ళల్లో ఎవరైనా బిన్నీ మిల్లులోనో, మినర్వాలోనో, పెరంబూరులోనో పనిచేసి ఉంటే వాళ్ళ టోకెన్ బిళ్ళ, జీతం చీటీ, యూనియన్ రసీదు, గ్రూపు ఫోటో, ఏదున్నా పారేయకండి. ఫోన్లో ఫోటో తీసి, అది ఎవరిదో, ఏ ఊరో, ఏ ఖాతాలో చేశారో వెనకాల రాసి పెట్టండి. పెద్దవాళ్ళుంటే కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయండి. పేటలో ఏ సందులో ఉన్నారు, అద్దె ఎంత, ఎవరితో కలిసి వండుకున్నారు, ఇవన్నీ అడగండి. కంపెనీ లెక్కల పుస్తకాల్లో అవి ఉండవు.

(ప్రసంగం తర్వాత కొన్ని ప్రశ్నలు వచ్చాయి. అందులో రెండు ఇక్కడ.)

వెనక వరసలోనుంచి ఒక అమ్మాయి: సార్, కంబళి నేత ఆగిపోవడానికి మిల్లే కారణం కాదా? మీరు మిల్లు గురించి ఇంత ప్రేమగా మాట్లాడుతున్నారు.

మంచి ప్రశ్న అమ్మా. మిల్లు కంబళి కొంత దెబ్బకొట్టిన మాట నిజమే, పట్నాల్లో ముఖ్యంగా. కానీ పల్లెలో కాపరి, రైతు మిల్లు కంబళి వచ్చిన చాలా ఏళ్ళ దాకా చేనేత కంబళే వాడారు, అది వానకు ఆగుతుంది, ముళ్ళకు చిరగదు. దాన్ని పూర్తిగా తీసేసింది తర్వాత వచ్చిన ప్లాస్టిక్ పట్టా, చవక అక్రిలిక్ దుప్పటి, మేతభూములు తగ్గడం. ఇక ప్రేమ మిల్లు మీద కాదు, అందులో చేసిన మనుషుల మీద. ఆ దగ్గు విన్నవాణ్ణి నేను.

ముందు వరసలోని ఒక పెద్దావిడ: మా ఇంట్లో మా మామగారి కాలంనాటి నల్ల కంబళి ఉంది నాయనా, బీరువాలో పెడితే చిల్లులు పడుతున్నాయి. ఏం చేయమంటావు?

అది చిమ్మెట పురుగు పనమ్మా, దాని లార్వా ఉన్నిలోని కెరాటిన్ తిని బతుకుతుంది. చెమట, నూనె మరకలున్నచోట ముందు పడుతుంది, కాబట్టి మురికిగా దాచకండి. ముందు దులిపి ఒకరోజు మంచి ఎండలో రెండువైపులా తిప్పి వేయండి. ఉతకాల్సి వస్తే చల్లటి నీళ్ళు, కుంకుడుకాయ రసం చాలు. వేడినీళ్ళు వద్దు, బండకేసి కొట్టొద్దు, చెప్పాను కదా, పొలుసులు పట్టుకుని అట్టకట్టి సగానికి సగం కుదించుకుపోతుంది. తడిసిన కంబళిని తీగ మీద వేలాడదీస్తే బరువుకు సాగుతుంది, మంచం మీద పరిచి నీడలో ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక పాత నూలు పంచెలో చుట్టి, ఎండిన వేపాకు మడతల్లో వేసి పెట్టండి, నాలుగు నెలలకోసారి తీసి మళ్ళీ ఎండకు వేసి ఆకు మార్చండి.